పోయిన బ్యాలేను తిరిగి కట్టేటప్పుడు అతుకులు కనిపించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టి, కాలక్రమంలో రంగస్థలం నుంచి తప్పుకున్న బ్యాలేలను మళ్లీ ప్రదర్శించడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెలుగు పత్రికల్లో ఈ విషయానికి ఇంత చోటు దక్కడం అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే వ్యాసకర్త చివరికి తేల్చిన మాటను ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత బ్యాలేను ఆడదలచుకుంటే తొలి ప్రదర్శన నాడు ఎలా ఉందో అచ్చం అలాగే ఆడాలని, అది వీలుకానప్పుడు దాని జోలికి పోకపోవడమే ఆ కళాకారులకు మనమిచ్చే మర్యాద అని ఆయన అభిప్రాయపడ్డారు. వినడానికి ఎంతో నిజాయితీగా ఉన్న ఈ నియమాన్ని నిజంగా పాటిస్తే ఆ శతాబ్దపు బ్యాలేల్లో ఈనాడు ఆడదగినది దాదాపు ఏదీ మిగలదు. పోయినదాన్ని తిరిగి కట్టడంలో తప్పు లేదని, ఎంత దొరికిందో ఎంత కొత్తగా కల్పించారో చెప్పకుండా మొత్తాన్నీ పాతదిగా చెలామణీ చేయడమే తప్పని నా నమ్మకం.

బ్యాలే ఎలా పోతుందో ముందు చూడాలి. నాటకం ఆడడం మానేసినా దాని పాఠం మిగులుతుంది, సంగీతం వినిపించడం మానేసినా స్వరప్రతి మిగులుతుంది. బ్యాలేలో అడుగు మాత్రం నర్తకి ఒంట్లో ఉంటుంది, ఆమె మరొకరికి నేర్పితే వారి ఒంట్లోకి వెళుతుంది, నేర్పకుండా విరమించుకుంటే అక్కడితో సరి. 1832లో పారిస్ ఒపేరాలో ఫిలిప్పో టాగ్లియోని తన కుమార్తె మరీ టాగ్లియోని కోసం కూర్చిన 'లా సిల్ఫీద్' యూరప్ నృత్య చరిత్రనే మలుపు తిప్పింది. మునివేళ్ల మీద నిలబడడాన్ని గారడీగా కాక భావంగా మార్చింది, తెల్లని పల్చటి వస్త్రాల నర్తకిని ఆ శతాబ్దానికి గుర్తుగా నిలబెట్టింది. అంతటి కృతి కూడా కొన్ని దశాబ్దాలకే పుట్టిన ఊళ్లోనే కనుమరుగైంది. ఈనాడు ప్రపంచమంతటా ఆ పేరుతో ఎక్కువగా ఆడుతున్నది అది కాదు. డెన్మార్క్ నృత్యదర్శకుడు ఆగస్ట్ బూర్నన్‌విల్ పారిస్‌లో ఆ ప్రదర్శన చూసి, అక్కడి సంగీతాన్ని తెప్పించుకునే ఖర్చు భరించలేక, హెర్మన్ లోవెన్‌స్కియోల్డ్ చేత కొత్త సంగీతం రాయించి 1836లో కోపెన్‌హాగెన్‌లో కూర్చిన రూపం అది. కథ ఒక్కటే కాని, సంగీతం వేరు, అడుగులు వేరు. కోపెన్‌హాగెన్‌లోని రాజ బ్యాలే ఆ రూపాన్ని తరం నుంచి తరానికి అందిస్తూ వచ్చింది కనుక అది బతికింది. పారిస్‌లో అలాంటి గొలుసు లేకపోయింది కనుక టాగ్లియోని రూపం పోయింది.

అదే పారిస్‌లో 1841లో పుట్టిన 'జిసెల్' గతీ అంతే కావలసింది. 1868 తర్వాత పారిస్ ఒపేరా దాన్ని పక్కన పెట్టేసింది. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో నృత్యదర్శకుడు మారియస్ పెటిపా దాన్ని తన పద్ధతిలో సవరిస్తూ ఆడిస్తూ ఉండబట్టి, 1910లో రష్యన్ బ్యాలే నిర్వాహకుడు ద్యాగిలెవ్ బృందం రష్యా నుంచి దాన్ని పుట్టింటికి తిరిగి తీసుకురాగలిగింది. అంటే మనం ఈనాడు 1841 నాటి జిసెల్ అనుకుని చూస్తున్నదానిలో చాలా భాగం పెటిపా చేయి తగిలి వచ్చినదే. తొలి రూపమే కావాలని పట్టుబట్టేవారు ముందుగా జిసెల్‌ను వదులుకోవాలి. వ్యాసకర్త గారు అందుకు సిద్ధంగా ఉంటారని నేను అనుకోను.

రష్యా విషయంలో ఒక అదృష్టం కలిసి వచ్చింది. వ్లదిమీర్ స్తెపానోవ్ అనే యువ నర్తకుడు శరీర నిర్మాణ శాస్త్రం చదువుకుని, మనిషి కదలికలను సంగీత స్వరాల గుర్తులతో రాసే నృత్యలిపి ఒకటి తయారుచేసి 1892లో పారిస్‌లో ప్రచురించాడు. సంగీతం రాసే గీతల మాదిరిగానే ఇందులోనూ గీతలుంటాయి. తలకు, మొండేనికి రెండు, చేతులకు మూడు, కాళ్లకు నాలుగు. ఆయన 1896లో చిన్న వయసులోనే కన్నుమూసినా ఆ పని ఆగలేదు. ముందు అలెగ్జాండర్ గోర్‌స్కీ, ఆ తర్వాత నికొలాయ్ సెర్గేయెవ్ తన సహాయకులతో కలిసి సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని మరియిన్‌స్కీ థియేటర్‌లో నడుస్తున్న బ్యాలేలను ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించారు. రష్యా విప్లవం తర్వాత దేశం విడిచి వెళ్లిన సెర్గేయెవ్ ఆ కాగితాలను వెంట తీసుకెళ్లాడు. 1921లో ద్యాగిలెవ్ లండన్‌లో ఆడించిన 'స్లీపింగ్ ప్రిన్సెస్'కూ, 1930లలో నినెట్ డి వలోయ్ నడిపిన ఆంగ్ల బృందం నేర్చుకున్న 'జిసెల్', 'స్వాన్ లేక్', 'నట్‌క్రాకర్'లకూ ఆధారం అవే. సెర్గేయెవ్ 1951లో మరణించాక చేతులు మారిన ఆ సంపుటి 1969లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ థియేటర్ గ్రంథాలయానికి చేరింది. ఈనాడు పాత బ్యాలేలను తిరిగి కట్టేవారందరూ ఏదో ఒకనాడు దాని ముందు కూర్చోవలసిందే.

ఆ కాగితాల్లో ఏముందో, ఏం లేదో తెలియకపోతే యథాతథం అన్న మాటకు అర్థం ఉండదు. కొన్ని నృత్యాలకు కాళ్ల కదలికలు, చేతులు, తల, వేదిక మీద నడిచిన దారి అన్నీ వివరంగా ఉన్నాయి. చాలా చోట్ల కాళ్లు మాత్రమే ఉన్నాయి, చేతుల గీతలు ఖాళీగా ఉన్నాయి. సమూహ నృత్యాల్లో ఎవరు ఎటు వెళ్లారన్న పటం ఉండి అడుగులు లేని పుటలూ ఉన్నాయి. రాసినవారు తమ థియేటర్‌లో రేపు సాధనకు పనికిరావడం కోసం రాసుకున్నారే కాని, నూరేళ్ల తర్వాత మరో దేశంలో ఎవరో చదువుతారని రాయలేదు. నలుగురికీ తెలిసిన విషయాన్ని రాయనవసరం లేదనుకున్నారు, ఆ నలుగురూ పోయాక అదే మనకు అన్నిటికంటే పెద్ద లోటయింది. పైగా అవి తొలి ప్రదర్శనల రూపాలూ కావు. 1877లోనో 1862లోనో పుట్టిన బ్యాలే ఇరవై, ముప్పై ఏళ్లు నడిచాక, పెటిపాయే మార్చుకున్న తర్వాత ఉన్న రూపాన్ని ఆ లిపి పట్టుకుంది.

ఇక్కడ మన తాళపత్రాల పరిష్కర్తలు పాటించిన పద్ధతి నాకు మార్గదర్శకంగా కనిపిస్తుంది. ఆకు విరిగిపోయి అక్షరాలు లేని చోట వారు గ్రంథపాతం అని గుర్తు పెట్టారు. రెండు ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటే పాఠాంతరాన్ని అడుగున చూపించారు. పద్యపాదాన్ని తామే పూరిస్తే, అది తమ పూరణ అని కుండలీకరణాల్లో పెట్టి చెప్పారు. అలా చెప్పినందువల్ల ఆ కావ్యాల గౌరవం తగ్గలేదు, పరిష్కర్తల గౌరవం పెరిగింది. బ్యాలేను తిరిగి కట్టేవారినుంచి నేను కోరేది అంతకు మించి లేదు.

1999లో మరియిన్‌స్కీ బృందం కోసం సెర్గేయ్ విఖారెవ్ తిరిగి కట్టిన 'స్లీపింగ్ బ్యూటీ'ని ఈ చర్చకు మధ్యలో పెట్టి చూడాలి. 1890లో పెటిపా, చైకోవ్‌స్కీ, రాజ థియేటర్ల అధికారి ఇవాన్ వ్సెవొలోజ్‌స్కీ ముగ్గురూ కలిసి తయారుచేసిన ఈ బ్యాలే ఎన్నడూ పూర్తిగా మాయం కాలేదు. మాయమైంది దాని పాత రూపం. సోవియట్ కాలంలో మూకాభినయాన్ని తగ్గించారు, గతిని నెమ్మది చేశారు, కాళ్లు ఎత్తే ఎత్తు పెంచారు, కొన్ని నృత్యాలు మార్చారు. కాన్‌స్తాంతిన్ సెర్గేయెవ్ (లిపి ప్రతుల నికొలాయ్ సెర్గేయెవ్ వేరు) 1952లో స్థిరపరచిన రూపమే అందరికీ అలవాటైంది. విఖారెవ్ హార్వర్డ్‌లోని లిపి ప్రతులను చదివి, పాత దుస్తుల చిత్రాలనూ ఫొటోలనూ ఆధారం చేసుకుని, మూకాభినయంతో సహా విరామాలు కలుపుకుంటే దాదాపు నాలుగు గంటలు సాగే ప్రదర్శనను నిలబెట్టాడు. దానికి తీవ్రమైన వ్యతిరేకత ఇంటి లోపలినుంచే వచ్చింది. తమ గురువుల దగ్గర నేర్చుకుని, తమ శిష్యులకు అందించిన అడుగులను కాదని ఎవరో కాగితం చూసి సరిదిద్దడం ఆ థియేటర్ పెద్దలు చాలామందికి రుచించలేదు. వారి బాధను నేను తేలిగ్గా తీసుకోను. మనిషి నుంచి మనిషికి అందిన విద్యకు కాగితం కంటే తక్కువ విలువ ఎందుకివ్వాలి అన్న ప్రశ్న న్యాయమైనది. కానీ ఆ విద్యలో ఏది 1890 నాటిది, ఏది 1952 నాటిది అని విడదీసి చూసే అవకాశం విఖారెవ్ కృషి వల్లే అందరికీ దొరికింది. మరియిన్‌స్కీ 1952 రూపాన్ని వదులుకోలేదు, దాన్ని ఇప్పటికీ ఆడుతోంది. రెండూ ఉండడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

2015లో అలెక్సెయ్ రత్మాన్‌స్కీ అమెరికన్ బ్యాలే థియేటర్ కోసం చేసిన 'స్లీపింగ్ బ్యూటీ' మరో మెట్టు ఎక్కింది. ఆయన, ఆయన భార్య తత్యానా ఇద్దరూ స్తెపానోవ్ లిపిని స్వయంగా నేర్చుకున్నారు. అడుగులను మాత్రమే కాదు, ఆ అడుగులు వేసిన తీరును కూడా తిరిగి తేవాలని ప్రయత్నించారు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని వెనక్కి చాచే అరబెస్క్ భంగిమలో ఈనాటి నర్తకి ఆ వెనక కాలిని తల కంటే ఎత్తుకు లేపుతుంది, ఆ కాలంలో నడుము ఎత్తు చుట్టుపక్కలే ఉంచేవారు. ఈనాడు మునివేళ్ల చివర మీద తిరిగే వరుస భ్రమణాలను అప్పుడు పాదం ముందు భాగం మీద తిరిగేవారు. చుట్టు తిరిగేటప్పుడు మడిచిన కాలు మోకాలి దాకా రాకుండా ఇంకా కింద ఆగేది. నూతనత్వం పేరుతో కాక, పెరిగిన శక్తి పేరుతో వచ్చిన ఈ మార్పుల వల్ల ఏం పోయిందో ఆ ప్రదర్శన చూస్తే తెలుస్తుంది. కాలు తక్కువ ఎత్తుకు లేస్తే త్వరగా దిగుతుంది, త్వరగా దిగితే తర్వాతి అడుగు సంగీతానికి ముందుగానే సిద్ధంగా ఉంటుంది, అప్పుడు చైకోవ్‌స్కీ రాసిన వేగాన్ని వాద్యబృందం నర్తకి కోసం లాగి సాగదీయనక్కరలేదు. బ్యాలేలో సంగీతానికీ అడుగుకూ ఉన్న సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపించిన ప్రదర్శనలు తక్కువ.

బాల్యం నుంచి కాలు ఎత్తడం సాధన చేసిన నర్తకిని కాలు దించమని అడగడం చిన్న కోరిక కాదని కూడా ఒప్పుకోవాలి. ఆమెకు అది వెనకడుగులా తోస్తుంది, ప్రేక్షకుల్లో కొందరికి బలహీనతలా కనిపిస్తుంది. అందుకే ఇలాంటి ప్రదర్శనకు ముందు నర్తకులకు తగినంత సాధన సమయం కావాలి, ప్రేక్షకులకు కొంత వివరణ కావాలి. అదే ప్రదర్శనలో దుస్తులు మాత్రం 1890 నాటివి కావు, 1921లో లండన్ ప్రదర్శనకు లెయోన్ బాక్స్త్ వేసిన చిత్రాల ఆధారంగా రిచర్డ్ హడ్సన్ రూపొందించినవి. ఒకే వేదిక మీద ఒక కాలపు అడుగులు, మరో కాలపు దుస్తులు. దీన్ని దాచలేదు కనుక ఇందులో నాకు లోపమేమీ కనిపించదు.

ఇక 'ఫారో కూతురు' సంగతి. 1862లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో సెజారె పుని సంగీతంతో పెటిపా కూర్చిన తొలి భారీ విజయం ఇది. ఈజిప్టులో పిరమిడ్ దగ్గర తలదాచుకున్న ఒక ఆంగ్లేయ యాత్రికుడు నల్లమందు మత్తులో ఫారో కూతురిని కలగనే కథ. చివరిసారి 1928లో ఆడి, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎక్కడా కనిపించకుండా పోయింది. 2000లో మాస్కోలోని బొల్షోయ్ బృందం దాన్ని తిరిగి వేదిక ఎక్కించే బాధ్యతను ఫ్రెంచి నృత్యదర్శకుడు పియేర్ లకోత్‌కు అప్పగించింది. పైన చెప్పిన పారిస్ 'లా సిల్ఫీద్'ను 1972లో పాత చిత్రాలు, సమీక్షలు, సంగీత ప్రతుల ఆధారంగా తిరిగి నిలబెట్టినవాడూ ఆయనే. పెటిపా నృత్యాల లిపి ప్రతులు ఉన్నా ఆయన కొన్ని భాగాలకే వాటిని తీసుకుని, ఎక్కువ భాగాన్ని పెటిపా శైలి అని తాను భావించిన ధోరణిలో తానే కూర్చాడు. ఆ ప్రదర్శన రికార్డింగు చూసినవారు అది ఎంత అందంగా ఉందో కాదనలేరు. చిన్నచిన్న అడుగుల అల్లిక, పాదాల చురుకు, గుంపుల అమరిక, అన్నీ ఫ్రెంచి శిక్షణ పండిన చేతినుంచి వచ్చినవి. కానీ అది లకోత్ కూర్చిన బ్యాలే. పెటిపా పేరు ముందు కనిపించి లకోత్ పేరు వెనక పడితే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది. పెటిపా వేయని అడుగుల మంచిచెడ్డలు పెటిపాకు అంటగడతారు, లకోత్ వేసిన అడుగుల ఘనత లకోత్‌కు దక్కదు. 'లా సిల్ఫీద్' విషయంలోనూ ఇదే మాట. లకోత్ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆయన లేకపోతే 'ఫారో కూతురు', పారిస్ 'లా సిల్ఫీద్' రెండూ చాలాకాలం పుస్తకాల్లోనే ఉండిపోయేవి.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇరవయ్యో శతాబ్దంలో ఉంది. 1913లో రష్యన్ నర్తకుడు నిజిన్‌స్కీ కూర్చి, కొద్ది ప్రదర్శనలతోనే ఆగిపోయిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'ను మిలిసెంట్ హాడ్సన్, కెనెత్ ఆర్చర్ 1987లో అమెరికాలోని జాఫ్రీ బ్యాలే బృందం కోసం తిరిగి కట్టారు. ఏ కదలికను ఎవరి జ్ఞాపకం నుంచి తీసుకున్నారో, ఏ చిత్రం చూసి ఊహించారో, ఎక్కడ తామే కల్పించారో హాడ్సన్ సంగీతం వరుసలోనే గుర్తించి పుస్తకంగా ప్రచురించింది. ఆమె నిర్ణయాలతో విభేదించేవారు ఉన్నారు, కానీ దేనితో విభేదిస్తున్నారో వారికి స్పష్టంగా తెలుసు. పునర్నిర్మాణం గురించి చర్చ సాగాలంటే అంతకంటే మంచి పునాది లేదు.

తెలుగు పాఠకులకు దగ్గరగా వచ్చే బ్యాలే ఒకటి ఉంది కనుక దాని గురించి కొంచెం ఎక్కువ రాయడానికి అనుమతించండి. 1877లో లుడ్విగ్ మింకుస్ సంగీతంతో పెటిపా సెంట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చిన 'లా బయదేర్' కథ భారతదేశంలో జరుగుతుంది. గుడిలో నాట్యం చేసే నికియా, ఆమెను ప్రేమించిన యోధుడు సొలొర్, అతన్ని పెళ్లాడవలసిన రాజకుమార్తె గంజాత్తి. ఆ రాజకుమార్తె తండ్రి గోల్కొండ రాజు, పేరు దుగ్మంత. కుతుబ్ షాహీ సుల్తానులు ఏలిన గోల్కొండకు ఇలాంటి రాజు ఎన్నడూ లేడని మనకు చెప్పనక్కరలేదు. ఆ పేరు శాకుంతలంలోని దుష్యంతుణ్ణి తలపిస్తుంది తప్ప చరిత్రను కాదు. కుట్రతో పెట్టించిన పాము కాటుకు నికియా చనిపోతుంది. నల్లమందు మత్తులో సొలొర్‌కు కనిపించే ఛాయల దృశ్యంలో తెల్లని దుస్తుల నర్తకులు ఒకరి వెనక ఒకరు, ఒకే అరబెస్క్‌ను మళ్లీమళ్లీ వేస్తూ వాలు మీదినుంచి దిగి వేదికంతా నిండుతారు. బ్యాలే కళలో ఇంతకన్నా గొప్ప సమూహ రచన నేను చూడలేదు. తొలి రూపంలో ఈ దృశ్యం వెలుగు నిండిన మాయా కోటలో జరిగేదని, 1900లో తిరిగి ఆడించినప్పుడు పెటిపాయే దాన్ని చీకటి కమ్మిన హిమాలయ శిఖరాలకు మార్చాడని తెలిస్తే తొలి రూపమే శ్రేష్ఠమన్న వాదన మరింత బలహీనపడుతుంది.

అయితే దీనికి ఛాయల దృశ్యం ముగింపు కాదు. ఆ తర్వాత ఇంకో అంకం ఉండేది. సొలొర్, గంజాత్తిల పెళ్లి వేళ నికియా ఛాయ వారి మధ్యకు వస్తుంది, దేవతల ఆగ్రహానికి గుడి కూలి అందరూ నశిస్తారు. విప్లవం తర్వాత రష్యాలో ఆ అంకాన్ని ఆడడం మానేశారు. 1941లో పొనొమర్యోవ్, చబుకియాని సవరించిన రూపంలో కథ ఛాయల దృశ్యంతోనే ఆగిపోయింది. దానితో ఒక నిరుపేద నర్తకి హత్యకు బాధ్యులైనవారికి ఏ శిక్షా లేకుండా పోయింది. అందమైన కలతో తెర పడిపోవడం వల్ల ప్రేక్షకుడు ఆ హత్యను మరచిపోయి ఇంటికి వెళతాడు. 1980లో నతాలియా మకరోవా న్యూయార్క్‌లో ఆ అంకాన్ని తిరిగి పెట్టాలనుకున్నప్పుడు మింకుస్ సంగీతం ఆమెకు అందుబాటులో లేక జాన్ లాంచ్‌బెరీ చేత కొత్తగా రాయించుకుని, తానే అడుగులు కూర్చింది. 2002లో విఖారెవ్ మరియిన్‌స్కీలో 1900 నాటి లిపినీ, మింకుస్ సంగీతాన్నీ ఆధారంగా చేసుకుని నాలుగు అంకాలనూ నిలబెట్టాడు. కథకు న్యాయం తిరిగి వచ్చింది. పాత బ్యాలేలను తవ్వి తీయడం వస్తుప్రదర్శనశాల పని మాత్రమే అనేవారికి నేను ఈ అంకాన్నే చూపిస్తాను. పోయింది కొన్ని అడుగులు కాదు, కథ చెప్పిన తీర్పు.

మరోవైపు ఈ బ్యాలేలో అతి ప్రాచీనమని ప్రేక్షకులు నమ్మే బంగారు విగ్రహ నృత్యాన్ని నికొలాయ్ జుబ్కోవ్‌స్కీ 1948లో చేర్చాడు. అది బాగుంటుంది, చాలా బృందాలు దాన్ని వదులుకోవు. ఆడనివ్వండి, ఏ సంవత్సరానిదో కరపత్రంలో రాయండి అనేదే నా విన్నపం.

ఈ బ్యాలే చూపించే భారతదేశం గురించి మౌనంగా ఉండడం కుదరదు. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీలు తమ వాద్యకారులతో పారిస్, లండన్ వెళ్లి నాట్యం చేశారు. వారిలో అమ్మణి అనే యువతి నాట్యం చూసి ఫ్రెంచి రచయిత తియొఫిల్ గోతియే పరవశించి రాశాడు. అంటే యూరప్‌కు అసలు నాట్యం తెలియకపోలేదు. తెలిసిన తర్వాత కూడా వేదిక మీద నిలబెట్టింది తమ ఊహలోని గుడినీ, తమ ఊహలోని ఫకీర్లనీ, ముఖాలకు నల్లరంగు పూసిన పిల్లల్నీ. 2019లో అమెరికన్ నర్తకి మిస్టీ కోప్‌లాండ్ ఆ నల్లరంగు మీద అభ్యంతరం చెప్పినప్పుడు బొల్షోయ్ థియేటర్ అధికారి తమ సంప్రదాయం అదేనని సమర్థించుకున్నారు. పునర్నిర్మాణం పేరుతో ఇలాంటి వాటిని సమర్థించడం నాకు అంగీకారం కాదు. ముఖానికి పూసిన రంగు అడుగు కాదు, దాన్ని తీసేస్తే పెటిపా కూర్చిన నృత్యంలో ఒక్క కదలిక కూడా తగ్గదు. 2024లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఫిల్ చాన్, లిపిని చదవడంలో నిపుణుడైన డగ్ ఫులింగ్‌టన్ కలిసి, పెటిపా అడుగులను లిపి ప్రతుల నుంచి తీసుకుని, కథను మాత్రం భారతదేశం నుంచి 1930ల హాలీవుడ్‌కు మార్చారు. అడుగు పాతది, కథాస్థలం కొత్తది, ఈ సంగతి అందరికీ ముందే తెలుసు. గుడిని తీసేసినందుకు కొందరు నొచ్చుకున్నా, అడుగుల పట్ల అది చూపిన శ్రద్ధను గమనించాలి.

వ్యాసకర్త గారు ప్రస్తావించని మరో బ్యాలేను ఇక్కడ గుర్తు చేయాలి. 1858లో పారిస్ ఒపేరాలో 'సకుంతలా' అనే బ్యాలే ఆడింది. కాళిదాసు నాటకం ఆధారంగా కథను రాసినవాడు పైన చెప్పిన గోతియే, సంగీతం ఎర్నెస్ట్ రేయెర్, నృత్యం మారియస్ పెటిపా అన్న లూసియాన్ పెటిపా, శకుంతలగా ఆడింది అమాలియా ఫెరారిస్. గోతియే రాసిన కథాపాఠం ఉంది, నాటి సమీక్షలున్నాయి, అడుగులు లేవు. ఎవరైనా దీన్ని తిరిగి ఆడాలనుకుంటే నేను ఆనందంగా స్వాగతిస్తాను. కానీ అది పాత కథాపాఠం మీద ఈనాటి నృత్యదర్శకుడు కూర్చిన కొత్త బ్యాలే అని ముందే ప్రకటించాలి. అలా ప్రకటించిన తర్వాత ఆ నృత్యదర్శకుడికి ఎంత స్వేచ్ఛ దొరుకుతుందో ఆలోచించండి. లూసియాన్ పెటిపా ఏం చేసి ఉంటాడో అని భయపడుతూ అనుకరించనక్కరలేదు, గోతియే కాళిదాసును ఎక్కడ అర్థం చేసుకున్నాడో ఎక్కడ చేసుకోలేదో వేదిక మీదే చూపవచ్చు.

అచ్చం అలాగే అనే మాట ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఒక విషాదం చాలు. ఆ శతాబ్దపు తెల్లని బ్యాలేల మాయకు మూలం గ్యాసు దీపాల మసక వెలుగు. మరీ టాగ్లియోని స్వయంగా కూర్చిన ఏకైక బ్యాలే 'ల పపియోఁ' 1860లో ఆమె శిష్యురాలు ఎమ్మా లివ్రీ కోసం పుట్టింది. 1862 నవంబరులో ఒక సాధనలో లివ్రీ దుస్తులకు గ్యాసు మంట అంటుకుంది. నెలల తరబడి బాధపడి, మరుసటి సంవత్సరం జులైలో ఆ అమ్మాయి మరణించింది. మంట అంటుకోకుండా చేసే మందులో ముంచితే దుస్తుల పల్చదనం, తెలుపు పోతాయని ఆమె అంతకు ముందు ఒప్పుకోలేదు. ఆ దీపాలను తిరిగి తెమ్మని ఎవరూ అడగరు. విద్యుద్దీపాలతో ఆ మసకను ఎలా పుట్టించాలో దీపకాంతి నిపుణులు నేర్చుకున్నారు. పాత ప్రదర్శనలో దేన్ని తిరిగి తేవాలి, దేన్ని వదలాలి అన్న ఎంపిక ప్రతిసారీ మనుషులే చేస్తారు, యథాతథం అన్న మాట వెనక ఆ ఎంపిక దాక్కోకూడదు.

మూకాభినయం గురించి ఒక మాట. ఈనాటి ప్రేక్షకుడికి అర్థం కాదని దాన్ని కత్తిరించడం అలవాటైంది. అర్థం కాకపోతే నేర్పాలి. 'స్లీపింగ్ బ్యూటీ'లో దుష్ట దేవత కరబోస్ శాపం పెట్టే ఘట్టమంతా చేతులతో చెప్పే కథ. 1890లో ఆ పాత్ర వేసింది ఇటలీ నుంచి వచ్చిన మహా గురువు ఎన్రికో చెకెట్టి. దాన్ని నాలుగు హావభావాలకు కుదించి, మిగిలిన చోట గెంతులు పెడితే ఆ పాత్రలో చెకెట్టి చూపిన నటన ఎక్కడా మిగలదు.

ఖర్చు గురించి వ్యాసకర్త గారి ఆందోళనను నేను కాదనను. పాత ప్రదర్శనల్లో మనుషులు ఎక్కువ, దుస్తులు ఎక్కువ, అంకాలు ఎక్కువ. ద్యాగిలెవ్ 1921 నాటి ప్రదర్శన ఆయన్ను అప్పుల పాలు చేసింది. అందుకే బృందాలన్నీ మొత్తం బ్యాలేనే ఆడనవసరం లేదు. నమ్మదగిన లిపి ఉన్న ఒక్క అంకాన్నో, ఒక్క బృంద నృత్యాన్నో ఆడినా చాలు. 1844లో పుట్టిన 'లా వివాందియేర్'లోని ఆరుగురి నృత్యం అలాగే బతికింది. ఆర్తూర్ సేంట్-లియోన్ 1848లో తన సొంత లిపిలో దాన్ని రాసిపెట్టాడు, ఆన్ హచిన్‌సన్ గెస్ట్ ఆ లిపిని చదివి వేదికకు అందించింది. మిగిలిన బ్యాలే పోయింది. పోయిన భాగాన్ని ఊహించి అతికించకుండా, దొరికినంతే ఆడుతున్నారు.

బృందాల నుంచి నేను ఆశించేది పెద్ద పనేమీ కాదు. ప్రదర్శన కరపత్రంలో ప్రతి అంకం పక్కన ఆ అడుగులు ఏ ప్రతి నుంచి వచ్చాయో, ఏ సంవత్సరపు రూపమో, ఎక్కడ ఎవరు కొత్తగా కూర్చారో రెండు మూడు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. ప్రకటనల్లో పెటిపా పేరు పక్కన ఆ మేరకే పెద్ద అక్షరాల్లో పునర్నిర్మాత పేరు ఉండాలి. ఈనాడు కొన్ని బృందాలు ఇలా చేస్తున్నాయి, చాలా బృందాలు చేయడం లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇలాంటి ప్రదర్శనల రికార్డింగులు, సినిమా హాళ్లలో ప్రత్యక్ష ప్రసారాలు మన పాఠకులకు మునుపటికంటే ఇప్పుడు ఎక్కువగా అందుబాటులో ఉన్నాయి. ఇకపై మీ అనుబంధంలో పునర్నిర్మించిన బ్యాలే గురించి సమీక్ష వేసినప్పుడు, నర్తకుల ప్రతిభ, వేదిక అలంకరణలతో పాటు ఆ బృందం తన ఆధారాలను ప్రకటించిందా లేదా అన్న విషయాన్ని కూడా సమీక్షకులు తప్పక రాసేలా చూడవలసిందిగా కోరుతున్నాను. వ్యాసకర్త గారు దీనికి బదులు రాస్తే, ముఖ్యంగా 'జిసెల్' విషయంలో ఆయన నియమాన్ని ఎలా వర్తింపజేస్తారో తెలుసుకోవాలని ఉంది.

భవదీయురాలు,
మీ పాఠకురాలు, నృత్య చరిత్ర అభ్యాసకురాలు